మాల్దీవుల్లో లెక్కల టీచరు ఉద్యోగం: సంతకం పెట్టే ముందు ఏం అడగాలి?

పాలకొల్లు లెక్కలు:

అందరికీ నమస్కారం. నాకు 36 ఏళ్లు. ఎం.ఎస్సీ. గణితం, బి.ఎడ్. పాలకొల్లులో ఒక ప్రైవేటు పాఠశాలలో పదకొండేళ్లుగా తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతున్నాను. జీతం 24,000. వేసవిలో సగం జీతం ఇస్తారు. ఆ సగం కూడా మే నెల ఎండలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరిగి, గేటు దగ్గర కుక్కలను దాటి, కరపత్రాలు పంచితేనే. మా వారికి రొయ్యల చెరువు ఉండేది. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ తెగులుకు పోయాయి. చెరువు కౌలు చేతులు మారింది, అప్పు మాత్రం మా దగ్గరే ఉండిపోయింది.

గత నెల వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ జరిగింది. మాల్దీవుల్లో ఉద్యోగం వచ్చిందన్నారు. జీతం, ఇంటి అద్దె భత్యం కలిపి నెలకు 14,000 రుఫియా, అంటే అక్కడి డబ్బు. కాగితంలో 'హా ధాలు అటోల్' అని దీవుల గుంపు పేరు రాసి ఉంది కానీ దీవి పేరు లేదు. ఏజెంటును అడిగితే "అన్నీ ఒకేలా ఉంటాయి మేడమ్, చుట్టూ సముద్రమే కదా" అన్నాడు. లక్షా యాభై వేలు అడుగుతున్నాడు, అందులో సగం ఇప్పుడే కట్టాలట. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తనకే ఇవ్వాలట. వర్క్ పర్మిట్ రావడానికి ఆలస్యమవుతుంది కాబట్టి ముందు పర్యాటకురాలిగా వెళ్లిపొమ్మంటున్నాడు, అక్కడికి వెళ్లాక మారుస్తారట.

ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. మాల్దీవులంటే సినిమావాళ్లు పెళ్లయ్యాక వెళ్లే చోటని మా నాన్నగారి నమ్మకం. "అక్కడ బడి కూడా ఉంటుందా?" అన్నారు. బాబు రెండో తరగతి. వాడిని చూసుకునే బాధ్యత మా అత్తగారు తీసుకున్నారు. ఆవిడ మొన్న దేవుడి గూట్లోంచి అరచేతిలో పట్టేంత ఇత్తడి వేంకటేశ్వరస్వామిని తీసి, చింతపండుతో తోమి, పాత జాకెట్టు గుడ్డలో చుట్టి నా పెట్టెలో పెట్టేశారు. తీసుకెళ్లవచ్చో లేదో తెలియదు. కాదంటే ఆవిడ బాధపడతారు.

అక్కడ పనిచేసినవాళ్లు ఉంటే చెప్పండి. బడిలో ఏం చెప్పాలి, డబ్బు ఇంటికి పంపడం ఎలా, ఏం తీసుకెళ్లాలి, అసలు వెళ్లాలా వద్దా.

ఉప్పునీటి మాస్టారు:

అమ్మా, మాది తుని. 2017 నుంచి ఏడేళ్లు ఆ దేశంలో భౌతికశాస్త్రం చెప్పాను. మూడు దీవులు మారాను, అందులో ఒకటి మీ హా ధాలు అటోల్‌లోనే. దాని పేరు చెప్పను. తొమ్మిది వందల మంది ఉన్న ఊరు, పేరు చెబితే నేనెవరో సాయంత్రానికి తెలిసిపోతుంది.

ముందు మీ ఏజెంటు మాట తేల్చేద్దాం. దీవులన్నీ ఒకేలా ఉండవు. ఆ దేశంలో సుమారు 1,190 దీవులుంటే మనుషులు కాపురముండేవి రెండు వందల లోపే. జనాభాలో దాదాపు నలభై శాతం రాజధాని మాలెలోనే ఇరుక్కుని ఉంటారు. మిగిలిన దీవుల్లో కొన్ని చిన్న పట్నాలు, ఆసుపత్రి, బ్యాంకు, పెద్ద దుకాణాలు ఉంటాయి. మీ అటోల్‌లోనే కుల్హుదుఫుషి అలాంటిది. కొన్నింటిలో ఒక బడి, ఒక ఆరోగ్య కేంద్రం, నాలుగు కొట్లు, అంతే. ఉద్యోగం ఒకటే, జీతం ఒకటే, బతుకు మాత్రం ఏ దీవిలో దిగారన్న దాన్నిబట్టి ఉంటుంది. అందుకే జీతం కంటే ముందు దీవి పేరు అడగండి. పేరు తెలిశాక మూడు సంగతులు కనుక్కోండి: ఎంతమంది ఉంటారు, ఏ విమానాశ్రయం నుంచి ఎంతసేపు పడవ, బడిలో మన దేశపు టీచర్లు ఇంకెవరైనా ఉన్నారా. మూడో దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నా మొదటి దీవిలో కేరళ నుంచి వచ్చిన ఇద్దరు టీచరమ్మలు లేకపోతే మొదటి నెలలోనే తిరిగి విమానం ఎక్కేవాడిని.

నా మొదటి ప్రయాణం చెబుతాను, నవ్వుకోండి. జూన్ నెల. విమానాశ్రయం హుల్హులె అనే వేరే దీవి మీద ఉంటుంది. అప్పటికి మాలెకు వంతెన లేదు, అది 2018లో వచ్చింది. పడవలో పది నిమిషాల్లో మాలె చేరి, మర్నాడు మళ్లీ అదే పడవలో వెనక్కి వచ్చి చిన్న విమానం ఎక్కి హనిమాధూలో దిగాను. అక్కడి నుంచి స్పీడుబోటు. గాలి బాగా తగులుతుందని అందరికంటే ముందు వెళ్లి ముక్కు దగ్గర కూర్చున్నాను. మిగతావాళ్లంతా వెనక ఎందుకు సర్దుకున్నారో బోటు కదిలాక అర్థమైంది. గతుకుల రోడ్డు మీద ఆర్టీసీ బస్సు ఆఖరి సీటు తెలుసు కదా, దాన్ని సముద్రం మీద ఊహించుకోండి. ఒక్కో అలకూ నేను ఒకసారి లేచి పడ్డాను, నా సంచీ ఒకసారి లేచి పడింది. సంచీలో మా అమ్మ కట్టిన రెండు కిలోల ఆవకాయ డబ్బా. దాని పక్కనే సర్టిఫికెట్ల ఫైలు.

రేవులో తోపుడు బండి మీద నా సామాను వేసుకుని, ఇసుక వీధుల్లో నేరుగా బడికే తీసుకెళ్లారు. ప్రిన్సిపాల్ గారు ఫైలు తెరిచారు. బి.ఎడ్. పట్టా కింది మూల ఎర్రటి నూనె, అందులో రెండు ఆవాలు. ఆవిడ కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని "మ్యాంగో?" అని అడిగారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. వారం తరువాత ఆవిడే ఇంటికి ఒక గిన్నె పంపారు, ఆవకాయ పెట్టి ఇవ్వమని. ఆ మరక ఇప్పటికీ నా పట్టా మీద ఉంది. పేరు పక్కన విశ్వవిద్యాలయం ముద్ర కంటే స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక బడి. వాళ్ల దివేహి భాష, ఇస్లాం తప్ప మిగతా పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. బడి ఆదివారం మొదలై గురువారంతో ముగుస్తుంది, శుక్ర శనివారాలు సెలవు. పదో గ్రేడు చివర, మన పదో తరగతి పరీక్షల్లాగా, కేంబ్రిడ్జి వాళ్ల ఐజీసీఎస్ఈ అనే అంతర్జాతీయ పరీక్షలుంటాయి. అడిగిన లెక్క మనదే, దిద్దే పద్ధతి వేరు. జవాబు తప్పయినా దారి సరైనదైతే మార్కులుంటాయి. జవాబు ఒక్కటే రాసి ఊరుకున్న పిల్లవాడు ఎక్కువ మార్కుల ప్రశ్నలో దెబ్బ తింటాడు. ఏ మెట్టుకు ఎన్ని మార్కులో చెప్పే మార్క్ స్కీములు తెచ్చుకుని ఇప్పటినుంచే చదవండి. వెన్ చిత్రాలు, సదిశలు, సంచిత పౌనఃపున్య వక్రాలు మన పదో తరగతికి చెప్పిన ధోరణిలో చెబితే చాలవు. 2025 నుంచి లెక్కల్లో ఒక పేపరు కాలిక్యులేటర్ లేకుండా రాయాలి. అక్కడి పిల్లలు ఏడు ఎనిమిదులకు కూడా మీట నొక్కేవారు. ఎక్కాలు వల్లె వేయించిన మీ పదకొండేళ్లూ అక్కడ పనికొస్తాయి.

నన్ను భౌతికశాస్త్రానికని పిలిచి ఆరో గ్రేడు లెక్కలు కూడా అంటగట్టారు. సంఖ్యారేఖ గీయమంటే ఒక పిల్ల సున్నాకు ఎడమ వైపు ఒకటి, రెండు, మూడు వేసుకుంటూ పోయింది. తప్పన్నాను. ఆ పిల్ల తన దివేహి నోటుపుస్తకం తీసి చూపించింది. వాళ్ల తానా లిపి కుడి నుంచి ఎడమకు రాస్తారు, పుస్తకం మనకు చివరి పేజీ అనిపించే చోట మొదలవుతుంది. అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచే. ఆ రోజు నుంచి బోర్డు మీద రేఖ గీయగానే ముందు బాణం గుర్తు వేసి "పెరిగేది ఇటు" అని చెప్పి కానీ మొదలుపెట్టలేదు.

భాషకు భయపడకండి. బాగుందనడానికి, సరేననడానికి 'బరాబరు' అంటారు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. వాళ్ల పడవ పేరు 'ధోని', మన గోదావరి దోనెకు ఎక్కడో చుట్టరికం ఉండి ఉంటుందని నా అనుమానం.

తిండి సంగతి. సూర చేప తింటే మీకు లోటు లేదు. పొద్దున్నే చేప, కొబ్బరి కోరు, ఉల్లి, మిరప కలిపిన 'మస్ హుని', దానితో 'రోషి' అనే రొట్టె. శాకాహారులైతే ఓపిక కావాలి. చిన్న దీవిలో టమాటా, క్యారెట్టు సరుకుల పడవతో వస్తాయి. ఆ రోజు బడి వదలగానే టీచర్లంతా కొట్టు ముందు ఉంటారు, మర్నాటికి మిగిలేది బంగాళాదుంప, ఉల్లిపాయ. నైరుతి గాలుల కాలంలో, మే నుంచి అక్టోబరు దాకా, సముద్రం బాగోక పడవ ఆగితే అదీ లేదు. మునగాకు మాత్రం పెరళ్లలో ఉంటుంది, వాళ్లూ తింటారు. అయిదు కిలోల కందిపప్పు మోసుకెళ్లి నవ్వులపాలయ్యాను, పప్పు అక్కడ దొరుకుతుంది. కారం, కందిపొడి, చింతపండు, చిన్న కుక్కరు, దాని రబ్బరు ఇంకొకటి తీసుకెళ్లండి. కుక్కరు రబ్బరు కోసం నేను ఒకసారి ఇరవై రోజులు ఎదురుచూశాను. మందులకు డాక్టరు చీటీ తప్పనిసరిగా ఉంచుకోండి.

విగ్రహం వద్దమ్మా. మీ అత్తగారి మనసు అర్థమవుతుంది. కానీ పూజా విగ్రహాలు ఆ దేశంలోకి తీసుకురాకూడని వస్తువుల్లో ఉన్నాయి. మద్యం, పంది మాంసం కూడా అంతే. స్కానింగులో ఇత్తడి ముద్ద దాగదు. తీసి పక్కన పెట్టేస్తారు, అప్పుడు మీరు ఆవిడకు ఏం చెబుతారు? స్వామిని గూట్లోనే ఉంచి ఫోటో తీసుకోండి.

డబ్బు గురించి కాస్త నిలబడి చదవండి. మీకు జీతం రుఫియాల్లో వస్తుంది. అధికారిక ధర డాలరుకు 15.42 రుఫియా. ఆ లెక్కన 14,000 అంటే 908 డాలర్లు. మీ ఏజెంటు చూపించిన అంకె ఇదే అయి ఉంటుంది. చిక్కెక్కడంటే, ఆ ధరకు బ్యాంకు మీకు కావలసినన్ని డాలర్లు ఇవ్వదు. నెలకు ఇంతే పంపాలన్న పరిమితులుంటాయి, అవి మారుతూ ఉంటాయి. బయట డాలరు ధర ఎక్కువ, అది చట్టసమ్మతమూ కాదు. 19కి కొన్నారనుకోండి, అదే 14,000కు 737 డాలర్లే. నెలకు 171 డాలర్లు గాలికి పోయినట్టు. కాబట్టి అప్పు వాయిదాను 908 మీద లెక్క కట్టకండి. జీతంలో కొంత భాగమైనా డాలర్లలో ఇస్తారా అని బడినే అడగండి, బ్యాంకు పరిమితి ఇప్పుడు ఎంత ఉందో అక్కడ పనిచేస్తున్న టీచర్లనే అడగండి.

విద్యానగర్ విశ్రాంత ఉద్యోగి:

అమ్మాయీ, మాస్టారు గారు ఆవకాయ దగ్గర మొదలుపెట్టి అసలు ప్రమాదాన్ని వదిలేశారు. మీ ఏజెంటు ఒక పైసా తీసుకోకముందే అతడి రిజిస్ట్రేషను నంబరు అడగండి. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపేవాళ్లు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదై ఉండాలి. ఆ జాబితా భారత ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. నమోదైనవాడు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400. రసీదు ఇవ్వాలి. లక్షా యాభై వేలు అడిగినవాడి పేరు ఆ జాబితాలో ఉంటే ఫిర్యాదు చేయండి, లేకపోతే దండం పెట్టి వచ్చేయండి. ఇలా విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల రక్షణ చూసే ప్రభుత్వ కార్యాలయం, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్, హైదరాబాదులో ఉంది.

పర్యాటకురాలిగా వెళ్లమన్నాడంటే నాకు ఒళ్లు మండింది. మన పాస్‌పోర్టుకు అక్కడ దిగగానే 90 రోజుల అనుమతి ఉచితంగా ఇస్తారు. ఈ సౌకర్యాన్నే ఇలాంటివాళ్లు వాడుకుంటారు. ఆ అనుమతి మీద పాఠం చెబితే అది అక్రమ ఉద్యోగం. జీతం ఎగ్గొట్టినా మీరు ఎవరికీ చెప్పుకోలేరు. వర్క్ పర్మిట్ కాగితం మీ చేతికి వచ్చాకే టిక్కెట్టు. ప్రయాణానికి 96 గంటల లోపు ఇముగా అనే వెబ్‌సైటులో ప్రయాణికుల వివరాలు నింపాలి, దానికి డబ్బేమీ కట్టనక్కరలేదు. దానికీ డబ్బు అడిగే వెబ్‌సైట్లు ఉన్నాయి, జాగ్రత్త.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ వదలవద్దు. అటెస్టేషను, అంటే అవి అసలైనవేనని ముద్ర వేయించడం, మీరే చేయించుకోండి: విశ్వవిద్యాలయం, రాష్ట్రం, ఆపైన విదేశాంగ శాఖ. నెలలు పట్టవచ్చు, ఈ రోజే మొదలుపెట్టండి. పోలీసు క్లియరెన్సుకు పాస్‌పోర్టు సేవా కేంద్రంలో 500 రూపాయలు. వెళ్లాక ఇక్కడి బ్యాంకు ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా, మార్పించండి. చాలామంది మరిచిపోతారు.

వాన చినుకు:

అక్కా, నేను సైన్సు టీచరును. మా పాపకు ఎనిమిదేళ్లప్పుడు వెళ్లి రెండేళ్లు చేసి వచ్చేశాను. బాబు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

అక్కడి సమయం మనకంటే అరగంట వెనక. ఏమంత తేడా కాదనుకున్నాను. కానీ ఆదివారం పాపకు సెలవు, నాకు బడి. శుక్రవారం నాకు సెలవు, పాపకు బడి. ఇద్దరికీ కలిసేది శనివారం మధ్యాహ్నం, అదీ వాళ్ల బడికి సెలవైతేనే. మొదటి రెండు నెలలు ఫోను చేయగానే ఏడ్చేది. మూడో నెల నుంచి ఏడుపు మానేసింది, మాటలూ మానేసింది. వీడియో పెట్టి ఫోను మంచం మీద పడేసి ఆడుకోవడానికి పోయేది. ఆ రోజుల్లో మా పాప ముఖం కంటే మా సీలింగు ఫ్యానునే ఎక్కువ చూశాను. ఒక రెక్క మీద బల్లి ముట్టుకున్న మరక ఉంటుంది, అది కూడా గుర్తు.

"అన్నం తిన్నావా, బాగా చదువుతున్నావా" అని అడగడం మానేశాక కొంచెం బాగుపడింది. రాత్రి ఏడున్నరకు, అంటే ఇక్కడ ఎనిమిదికి, ఫోను ఉప్పు డబ్బాకు ఆనించి పెట్టుకునేదాన్ని. పాప హోంవర్కు చేసుకునేది, నేను పేపర్లు దిద్దుకునేదాన్ని. మాట్లాడకపోయినా ఫరవాలేదు. మధ్యలో "అమ్మా, ఎరేజరు ఎక్కడ పెట్టావు?" అని అడిగేది, నేనేదో ఆ గదిలోనే ఉన్నట్టు. నాకు నిజంగానే తెలిసేది కూడా.

వెళ్లవద్దని చెప్పను. మా ఇంటి మీది అప్పు ఆ రెండేళ్లలోనే తీరింది. కానీ ఏడాదికి ఎన్నిసార్లు రావచ్చు, టిక్కెట్టు ఎవరు ఇస్తారు, నడి ఏడాదిలో మానేస్తే ఏం కట్టాలి, ఈ మూడూ కాగితం మీద చూసుకోండి. నేను చూసుకోలేదు. మా నాన్నగారి కర్మకు రాలేకపోయాను.

పాలకొల్లు లెక్కలు:

అందరికీ నమస్కారాలు. పది రోజుల తరువాత రాస్తున్నాను.

ఏజెంటును రిజిస్ట్రేషను నంబరు అడిగాను. "మీకు నమ్మకం లేకపోతే మీ సీటు విజయవాడ వాళ్లకు ఇచ్చేస్తాను" అన్నాడు. ఇచ్చేయమన్నాను. ఆ తరువాత కాగితం మీద ఉన్న చిరునామా వెతికి నేరుగా బడికే ఉత్తరం రాశాను. నాలుగో రోజు జవాబు వచ్చింది. ఉద్యోగం నిజమే! దీవి పేరు చెప్పారు. సుమారు పదమూడు వందల మంది, హనిమాధూ నుంచి అరగంట పడవ. తమిళనాడు నుంచి వచ్చిన దంపతులు అక్కడే చెబుతున్నారట. ఆవిడతో మాట్లాడాను. అద్దె భత్యంతో గది దొరకడం సులువేనన్నారు, డాలర్ల దగ్గర మాత్రం మాస్టారు గారు చెప్పిన మాటే చెప్పారు. వాయిదా లెక్క 700 డాలర్ల మీద మళ్లీ వేసుకున్నాను. మూడేళ్లకు బదులు నాలుగేళ్లు పడుతుంది. మొదట రెండేళ్లకే ఒప్పుకుంటానని రాశాను, ఏడాదికి ఒకసారి టిక్కెట్టు వాళ్లది.

వర్క్ పర్మిట్ వచ్చేదాకా కదలను. అటెస్టేషనుకు నిన్ననే విశ్వవిద్యాలయానికి వెళ్లి వచ్చాను.

అత్తగారికి చెప్పాను. ఏమీ అనలేదు. పెట్టెలోంచి విగ్రహం తీసి, గుడ్డ విప్పి, మళ్లీ గూట్లో పెట్టారు. కాసేపటికి వచ్చి, "అయితే ఆ బరువుకు ఆవకాయ ఇంకాస్త పట్టుకెళ్లు" అన్నారు. మాస్టారు గారూ, డబ్బా ఎలా కట్టాలో చెప్పండి.

ఉప్పునీటి మాస్టారు:

డబ్బా మూతకు లోపలి వైపు పాల కవరు ముక్క పరిచి బిగించండి. చుట్టూ టేపు. దాన్ని ఒక కవరులో, ఆ కవరును ఇంకో కవరులో, ఆపైన పాత లుంగీలో చుట్టి పెద్ద పెట్టె మధ్యలో, బట్టల నడుమ నిలువుగా పెట్టండి. సర్టిఫికెట్లు చేతిసంచీలో, ఒళ్లో. బోటులో వెనక సీటు.